బాక్సర్ల తూకం గురించి విశాఖ నుంచి ఒక బహిరంగ లేఖ

బాక్సింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా పెద్దలకు, ప్రొఫెషనల్ ఫైట్లకు అనుమతులిచ్చే సంఘాల వారికి, ఫైట్లు కుదిర్చే ప్రమోటర్లకు, మన రాష్ట్ర, జిల్లా బాక్సింగ్ సంఘాల బాధ్యులకు నమస్కారం.

నేను విశాఖపట్నంలో పిల్లలకు బాక్సింగ్ నేర్పిస్తాను. నా దగ్గరకు గాజువాక, కంచరపాలెం, జాలరిపేట నుంచి వస్తారు. పోర్టులో, స్టీల్ ప్లాంటులో, పడవల మీద, ఆటోల మీద బతికే ఇళ్ళ పిల్లలు. స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో నేవీలోనో ఉద్యోగం వస్తే ఇల్లు నిలబడుతుందన్న ఆశతోనే చాలామంది గ్లౌజులు తొడుక్కుంటారు. నగిశెట్టి ఉష ఈ ఊరి బాక్సరే. 2020లో ఆమెకు ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చిందంటే మా పిల్లలకు అది పేపర్లో వచ్చిన ఎక్కడిదో వార్త కాదు, పక్క వీధి వార్త. ఇప్పుడు కొందరు ప్రొఫెషనల్ ఫైట్ల వైపు కూడా చూస్తున్నారు. అందుకే ఈ లేఖ రాయాల్సి వచ్చింది.

నేను అడిగేది ఒకటే. బాక్సర్ ఏ బరువులో ఆడాలన్నది ఫైట్ కుదిర్చేవాళ్ళ బేరంలో తేలకూడదు. అతని ఒంటిని పరీక్షించిన డాక్టర్ చెప్పాలి, ఫైట్ ఒప్పందం ఆ మాటకు లోబడాలి.

బాక్సింగ్‌ని బరువుల వారీగా విడగొట్టింది పెద్ద ఒంటివాడి దెబ్బ చిన్న ఒంటివాడి తల మీద పడకూడదనే. తూకానికి అంతకు మించిన పని లేదు. ఒకప్పుడు ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఫైట్ రోజు పొద్దునే తూచేవారు. 1980ల్లో దాన్ని ముందురోజుకు మార్చడం మొదలైంది. ఎండిపోయిన ఒంటితో రింగులోకి దిగకుండా కాస్త కోలుకునే టైం ఉండాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ ఆ ఇరవై నాలుగు గంటలు, ఒక్కోసారి ముప్పై గంటలు, బరువు దాచుకునే సందుగా మారిపోయాయి. లీటరు నీళ్ళు ఒంట్లోంచి పోతే కేజీ తగ్గుతుంది, తాగితే కేజీ వచ్చేస్తుంది. 72, 73 కేజీలు ఉండే మనిషి చెమట తీసి, నీళ్ళు మానేసి, ఉప్పు మానేసి 66 కేజీల కాటా మీద నిలబడతాడు. మర్నాడు రాత్రికి మళ్ళీ 72. ఎండుచేపగా తూకానికొచ్చి పచ్చిచేపగా బరిలోకి దిగుతున్నాడన్నమాట. నిజంగా 66 కేజీలే ఉన్న కుర్రాడు, ఆ కాగితాన్ని నమ్మి వచ్చినవాడు, ఆ దెబ్బలు తింటాడు.

ఇది ఎంతవరకు వెళ్ళగలదో న్యూయార్క్‌లో 2000 ఫిబ్రవరి 26న చూశారు. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆర్టురో గాటీ, జోయీ గమాష్ తలపడ్డారు. ఒప్పుకున్న బరువు 141 పౌండ్లు, అంటే దాదాపు 64 కేజీలు. ఫైట్ రాత్రి టీవీ వాళ్ళు తూస్తే గాటీ 160 పౌండ్లు, అంటే 72 కేజీల పైన ఉన్నాడు. గమాష్ 145. రెండో రౌండ్‌లో గమాష్ పడిపోయాడు. మెదడుకు దెబ్బ తగిలింది, మళ్ళీ రింగులోకి రాలేదు. అసలు తూకమే సరిగ్గా చూడలేదని అతను ఫైట్లను పర్యవేక్షించే రాష్ట్ర బాక్సింగ్ కమిషన్ మీద కేసు వేశాడు. కమిషన్ నిర్లక్ష్యం ఉందని 2010లో కోర్టు అంది కానీ పరిహారం మాత్రం ఇవ్వలేదు. పదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగిన మనిషికి మిగిలింది ఆ ఒక్క వాక్యం.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది, దాన్ని దాటేసి పోను. 2010 నవంబరులో మానీ పకియావ్, ఆంటోనియో మార్గరీటో 150 పౌండ్ల దగ్గర ఆడారు. ఫైట్ రాత్రికి పకియావ్ 148, మార్గరీటో 165. ఏడున్నర కేజీలు పైచిలుకు తేడా. అయినా గెలిచింది పకియావే, కంటి చుట్టూ ఎముక విరిగింది మార్గరీటోకే. ఇది చూపించి బరువుదేముంది అంటారు కొందరు. పకియావ్ లాంటివాడు తరానికి ఒకడు పుడతాడు. నియమాలు రాసేది అతని కోసం కాదు, కంచరపాలెం కుర్రాడి కోసం. పైగా ఆ రాత్రి గెలిచిన పకియావ్ కూడా నడుం మీద, పక్కటెముకల మీద తిన్న దెబ్బలు తక్కువేం కాదు.

ఇక మా ఊరి సంగతి. ఏప్రిల్, మే నెలల్లో ఆర్కే బీచ్ నుంచి లాసన్స్ బే వైపు పొద్దున్నే వెళ్తే ప్లాస్టిక్ సూటు మీద జెర్కిన్ వేసుకుని పరిగెత్తే కుర్రాళ్ళు కనిపిస్తారు. సూటు కొనలేనివాళ్ళు ఒంటికి పాలిథిన్ కవర్ చుట్టుకుని పైన రెయిన్‌కోటు వేస్తారు. విశాఖ ఉక్కపోత సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుంది గానీ ఆరదు. ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది. దాని మీద ప్లాస్టిక్ కప్పితే లోపలి వేడికి దారే ఉండదు. వడదెబ్బకు మనుషులు ఎలా పోతారో, అదే పనిని మనం ట్రైనింగ్ అని పేరు పెట్టి చేయిస్తున్నాం. పంజాబ్ చలిలోనో హర్యానా పొడి గాలిలోనో పనిచేసిన పద్ధతిని ఇక్కడికి తెచ్చి మన పిల్లల మీద పెట్టే కోచ్‌లకు ఈ ఒక్క మాటైనా చెవిన వేయండి.

పరుగుతో దిగకపోతే మందుల షాపు ఉండనే ఉంది. నీళ్ళ మాత్ర అని అడిగితే చీటీ లేకుండానే ఇచ్చేస్తారు. అది మూత్రం ఎక్కువగా పోయించే మందు. ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ నిషేధించిన జాబితాలో ఉందని, దొరికితే ఏళ్ళ తరబడి సస్పెన్షన్ అని చాలామంది పిల్లలకు తెలియనే తెలియదు. తూకం అయ్యాక సెలైన్. మన దగ్గర నీరసం అంటే సెలైన్ ఎక్కించుకోవడం అలవాటే కాబట్టి అది తప్పని ఎవరికీ తోచదు. ఆసుపత్రిలో నిజమైన వైద్యం కోసం తప్ప, పన్నెండు గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరం ద్వారా ఎక్కించుకుంటే అది కూడా డోపింగ్ కిందకే వస్తుంది. అర లీటరు సీసా ఎక్కించుకున్న కుర్రాడు తెలియకుండానే నేరస్థుడైపోతున్నాడు. ఈ రెండు విషయాలు తెలుగులో ఒక కాగితం మీద రాసి ప్రతి శిక్షణ కేంద్రం గోడకు అంటించడానికి ఎంత ఖర్చవుతుంది?

నీళ్ళు తాగి ఓఆర్‌ఎస్ పట్టించి అన్నం తింటే మర్నాటికి బరువు వచ్చేస్తుంది, నిజమే. కాటా మీద అంకె తిరిగి వచ్చినంత మాత్రాన ఒళ్ళు తిరిగి వచ్చినట్టు కాదు. కిడ్నీలు, గుండె, కండరాలు ఒక్కోటి ఒక్కో వేగంతో కోలుకుంటాయి. పుర్రెలో మెదడు చుట్టూ ఉండే ద్రవం దెబ్బల అదురును కొంత ఆపుతుంది. ఒళ్ళు ఎండినప్పుడు అక్కడ ఏం జరుగుతుంది, ఒక్క రోజులో అంతా సర్దుకుంటుందా అన్నది వైద్యులను చాలాకాలంగా కలవరపెడుతున్న ప్రశ్న. బాక్సింగ్‌లో దెబ్బ పడేది తల మీదే. అనుమానం ఉన్నంతవరకు బాక్సర్ పక్షాన నిలబడటం నియమాలు రాసేవాళ్ళ ధర్మం.

క్యాచ్‌వెయిట్ విషయానికి వస్తాను. మామూలు కేటగిరీల మధ్యలో ఇద్దరూ ఒప్పుకున్న బరువును క్యాచ్‌వెయిట్ అంటారు. అది తప్పని నేను అనను. ఒకడు 61 దగ్గర, ఇంకొకడు 65 దగ్గర ఉన్నారు, మధ్యలో 63కి ఒప్పుకుందాం అనుకుంటే ఇద్దరికీ న్యాయమే. ఒకరు కొంచెం దిగుతారు, ఒకరు కొంచెం ఎక్కుతారు. తేడా వచ్చేది డబ్బు ఒకవైపే ఉన్నప్పుడు. 1988లో షుగర్ రే లెనార్డ్ కోసం లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ డానీ లలోండ్ 175 పౌండ్ల తన కేటగిరీ నుంచి 168కి దిగి రావాల్సి వచ్చింది, తన ఛాంపియన్ బెల్ట్ నిలబెట్టుకోవడానికి తానే. 2009లో మిగెల్ కోటో కూడా అంతే. 147 పౌండ్ల ఛాంపియన్, పకియావ్‌తో ఫైట్‌కు 145కి రమ్మన్నారు. పేరు, టికెట్లు, టీవీ డబ్బు ఎటుంటే ఆ కాటా అటే మొగ్గింది. ఛాంపియన్ తన కేటగిరీలోనే తన బెల్ట్ నిలబెట్టుకోలేకపోతే ఆ కేటగిరీకి అర్థం ఏమిటి? బెల్ట్ పెట్టిన ఫైట్‌లో క్యాచ్‌వెయిట్ ఉండకూడదు. ఈ ఒక్క మాట రాస్తే చాలా బేరాలు అక్కడే ఆగిపోతాయి.

అంత పెద్దవాళ్ళకే అలా ఉంటే మన పిల్లల సంగతి చెప్పాలా? నా దగ్గర నేర్చుకున్న ఒకబ్బాయికి వేరే రాష్ట్రంలో ఒక ప్రొఫెషనల్ షోలో ఫైట్ వచ్చింది. ఎవరిది, ఎక్కడ అన్నది ఈ లేఖకు అవసరం లేదు. ముందు చెప్పిన ప్రత్యర్థి రాలేదు. ఫైట్ దగ్గర పడ్డాక ఇంకొకరిని చూపించి, కొత్త బరువు చెప్పి, వాట్సాప్‌లో ఒప్పందం పంపించారు. మావాడు ఇంకా మూడు కేజీలు దింపాలి. కుదరదంటే రానుపోను ఖర్చులు కూడా రావు. వాళ్ళమ్మ ఫోన్ చేసి "ఏం చేద్దాం సార్, మీరే చెప్పండి, వాడు రెండ్రోజులుగా అన్నం ముట్టడం లేదు" అంది. వద్దమ్మా, తిరిగి తీసుకొచ్చేద్దాం అన్నాను. అప్పు చేసి కొన్న టికెట్ మీద తిరిగొచ్చాడు. అతనికి మళ్ళీ పిలుపు రాలేదు. ఆ ఒప్పందాన్ని ఏ డాక్టరూ చూడలేదు, చూడాలని ఏ నియమమూ అడగలేదు. నా కోపం ఆ ప్రమోటర్ మీద కంటే ఆ ఖాళీ మీదే ఎక్కువ.

ఇప్పుడు రీహైడ్రేషన్, అంటే తూకం తర్వాత ఎండిన ఒంటికి మళ్ళీ నీరు పట్టించడం మీద పెట్టే షరతు గురించి. ఫైట్ రోజు పొద్దున మళ్ళీ తూస్తాం, ఇన్ని పౌండ్లకు మించి పెరగకూడదు అన్నదే ఆ షరతు. వినగానే న్యాయంగా ఉంటుంది. నేనూ పైన అదే కదా కోరుతున్నాను అనిపించవచ్చు. 2023 ఏప్రిల్‌లో గెర్వాంటా డేవిస్, రయన్ గార్సియా ఫైట్ చూడండి. 136 పౌండ్ల క్యాచ్‌వెయిట్, మర్నాడు పొద్దున 146 దాటకూడదు. కాగితం మీద షరతు ఇద్దరికీ ఒకటే. డేవిస్ సహజంగానే ఆ చుట్టుపక్కల ఉండేవాడు, అతన్ని అది ఏమీ చేయదు. గార్సియా అంతకుముందు 140 దగ్గర ఆడినవాడు, ఒంటి పొడుగూ ఎక్కువే. దిగడమూ అతనిదే, దిగాక తాగలేకపోవడమూ అతనిదే. ఏడో రౌండ్‌లో కాలేయం మీద పడ్డ ఒక్క గుద్దుతో అయిపోయింది. షరతు లేకపోయినా డేవిస్ గెలిచేవాడేమో. కానీ ఆ అనుమానం మిగలడమే ఆటకు మచ్చ.

2025 ఏప్రిల్‌లో లండన్‌లో క్రిస్ యూబ్యాంక్ జూనియర్, కానర్ బెన్ ఫైట్‌లో ఇంకా స్పష్టంగా బయటపడింది. 160 పౌండ్లకు యూబ్యాంక్ 0.05 పౌండ్ ఎక్కువ తూగాడు. అంటే దాదాపు 23 గ్రాములు, ఒక గుటక నీళ్ళంత. దానికి జరిమానా 3,75,000 పౌండ్లు, బరువు పౌండ్లు కావు, బ్రిటన్ డబ్బు. పైగా మర్నాడు పది పౌండ్ల షరతు. ఫైట్ గెలిచాడు, అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్ళాడు. అలాంటి షరతుల వల్ల ఎండబెట్టుకోవడం ఆగలేదు, కోలుకోవడం మాత్రమే ఆగింది. ఒళ్ళు ఎండబెట్టుకో అని ఒకవైపు అనుమతిస్తూ, నీళ్ళు తాగకు అని ఇంకోవైపు కట్టడి చేయడం కంటే ప్రమాదకరమైన నియమం నాకు ఇంకొకటి కనిపించడం లేదు. ఇద్దరు బాక్సర్ల మధ్య బేరంగా రాసుకునే రీహైడ్రేషన్ షరతును మన దేశంలో పూర్తిగా నిషేధించాలి. హద్దు ఉండాలి, అది నియంత్రణ సంస్థ పెట్టిందై ఉండాలి, అందరికీ ఒకటే కావాలి, ఎండబెట్టుకోవడానికి ముందే అడ్డుపడాలి.

హద్దును పౌండ్లలో పెట్టడమూ సరికాదు. ప్రపంచ టైటిళ్ళు ఇచ్చే సంస్థల్లో ఒకటైన ఐబీఎఫ్ తన టైటిల్ ఫైట్లకు రెండో రోజు పది పౌండ్ల హద్దు పెట్టింది. 105 పౌండ్ల చిన్న బాక్సర్‌కు పది పౌండ్లంటే తన బరువులో తొమ్మిదిన్నర శాతం. 200 పౌండ్లవాడికి అయిదు శాతమే. శాతంలో పెడితే ఈ చిక్కు ఉండదు. కాలిఫోర్నియా కమిషన్ పది శాతం కన్నా ఎక్కువ పెరిగినవాళ్ళను పై కేటగిరీకి వెళ్ళమంటుంది. ఐబీఎఫ్ లాంటిదే ఇంకో సంస్థ డబ్ల్యూబీసీ, ఫైట్‌కి ముప్పై రోజుల ముందు పది శాతం, ఏడు రోజుల ముందు అయిదు శాతం అని తూకాలు పెట్టింది. దారి కొత్తది కాదు, మనం నడవడమే మిగిలింది.

అమెచ్యూర్ బాక్సింగ్‌లో, అంటే ఒలింపిక్స్ తరహా పోటీల్లో, ఫైట్ రోజు పొద్దునే తూకం కాబట్టి అక్కడ సమస్య లేదని కొందరు పెద్దలు నాతో అన్నారు. ఫైట్ రాత్రికి ఆరు కేజీలు పెరగడం అక్కడ కుదరదు, ఒప్పుకుంటాను. కానీ టోర్నీ జరిగినన్ని రోజులూ బాక్సర్ ఎండుకునే ఉంటాడు. మేరీ కోమ్ 2018లో పోలండ్‌లో నాలుగు గంటల్లో రెండు కేజీలు దించడానికి తాడాట ఆడిందని అందరం గొప్పగా చెప్పుకున్నాం. అది ఆమె మొండితనం, కానీ మా పిల్లలు దాన్ని పాఠంగా నేర్చుకున్నారు. మన నిఖత్ జరీన్ 2022లో 52 కేజీల్లో ప్రపంచ ఛాంపియన్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 52 లేదు. 50 ఉండేది, తర్వాత 54. ఆ రెండు కేజీలు దింపుకుని 2023లో మళ్ళీ ప్రపంచ ఛాంపియన్ అయింది. పారిస్‌లో వూ యూ చేతిలో ఓడిపోయాక, బరువు కోసం రెండు రోజులు తిండి లేకుండా ఉన్నానని చెప్పింది. ఆ మాట విన్న రోజు నాకు నిద్రపట్టలేదు. అదే పారిస్‌లో వినేశ్ ఫోగాట్ రెజ్లింగ్‌లో వంద గ్రాముల తేడాతో ఫైనల్ పోగొట్టుకున్న సంగతి దేశమంతా చూసింది. దాని తర్వాత అందరూ వంద గ్రాముల గురించే మాట్లాడారు. అంతకుముందు రాత్రంతా ఆమె ఒంటితో ఏం చేయించారన్నది ఎక్కువమంది అడగలేదు.

అందువల్ల తూకం ముందురోజా, అదే రోజా అన్న గొడవతో ఇది తేలదు. తేల్చే మార్గం వేరే చోట దొరికింది. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు దాదాపు నెల రోజుల తేడాలో బరువు దించుకుంటూ చనిపోయారు. తర్వాత అక్కడ సీజన్ మొదట్లోనే పిల్లవాడి ఒంట్లో నీరు సరిగ్గా ఉందో లేదో మూత్ర పరీక్షతో చూసి, కొవ్వు శాతం కొలిచి, అతను దిగదగిన కనీస బరువును రాసిపెట్టడం మొదలుపెట్టారు. వారానికి ఒకటిన్నర శాతం కన్నా వేగంగా దిగకూడదన్నారు. ప్లాస్టిక్ సూట్లు నిషేధించారు. తూకాన్ని పోటీకి దగ్గరగా జరిపారు. ఆసియాలో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలు నడిపే వన్ ఛాంపియన్‌షిప్ సంస్థ కూడా 2015లో యాంగ్ జియాన్ బింగ్ అనే ఫైటర్ బరువు దింపుకుంటూ చనిపోయాకే ఇలాంటి పరీక్షలు తెచ్చింది. వాళ్ళు ప్రాణాలు పోయాక కళ్ళు తెరిచారు. మనకు ఆ అవసరం ఎందుకు?

"అందరూ చేస్తారు కదా, అప్పుడు సమానమే కదా" అనే వాదన నేను రింగు పక్కనే చాలాసార్లు విన్నాను. సమానం కాదు. డైటీషియన్, ఏసీ గది, వెంట డాక్టర్ ఉన్న బాక్సర్ ఆరు కేజీలు దింపి మర్నాటికి కోలుకుంటాడు. పాలిథిన్ కవర్ చుట్టుకుని బీచ్‌రోడ్డులో పరిగెత్తిన కుర్రాడు నాలుగు కేజీలకే కుప్పకూలతాడు. ఎండబెట్టుకునే పోటీలో కూడా గెలిచేది డబ్బున్నవాడే.

ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. లైసెన్స్ ఇచ్చేటప్పుడే ప్రతి ప్రొఫెషనల్ బాక్సర్‌కు నీరు నిండుగా ఉన్న ఒంటితో బరువు చూసి, డాక్టర్ సంతకంతో కనీస బరువు రాసివ్వండి. దాని కిందకు ఏ ఒప్పందమూ వెళ్ళకూడదు, క్యాచ్‌వెయిట్ అయినా సరే. ప్రత్యర్థి మారితే పాత బరువే చెల్లాలి, కుదరకపోతే బాక్సర్‌కు ఖర్చులతో పాటు ఒప్పుకున్న డబ్బులో న్యాయమైన వాటా ఇచ్చి పంపాలి. ఫైట్ రోజు పొద్దున మళ్ళీ తూచి ఆ అంకెను జనానికి చెప్పండి. హద్దు శాతం దాటినవాడిని నీళ్ళు తాగినందుకు జరిమానా వేసి శిక్షించొద్దు, తర్వాతి ఫైట్ పై కేటగిరీలో పెట్టండి. ఎదుటివాడికి మాత్రం డబ్బు పోగొట్టుకోకుండా తప్పుకునే హక్కు ఇవ్వండి. ఒళ్ళు ఎండి ఉందని పరీక్షలో తేలితే డాక్టర్ ఆపేస్తే ఆగిపోవాలి, టికెట్లు ఎన్ని అమ్ముడైనా.

పదిహేడేళ్ళలోపు పిల్లలకు నేను ఇంకా కఠినంగా అడుగుతాను. వాళ్ళు ఎదిగే వయసులో ఉన్నారు, మూడు నెలలకోసారి బరువు మారుతుంది. ఏ కోచ్ అయినా వాళ్ళ చేత నీళ్ళు మాన్పించాడని తెలిస్తే ఆ కోచ్‌ను ఆ టోర్నీ నుంచే పంపించండి. అందులో నేనున్నా సరే.

జిల్లా సంఘం వారికి ప్రత్యేకంగా ఒక మనవి. విశాఖలో జరిగే తర్వాతి జిల్లా పోటీలతోనే దీన్ని మొదలుపెట్టవచ్చు. మూత్ర పరీక్ష పట్టీలు ఏ ల్యాబ్ సామాను షాపులోనైనా దొరుకుతాయి, మంచి కాటా ఒకటి చాలు, స్వచ్ఛందంగా వచ్చే డాక్టర్లు ఈ ఊళ్ళో ఉన్నారు. పోటీలకు నెల ముందు పిల్లలను పిలిచి పరీక్షించే పని నేనూ, నాతో పాటు ఇంకొందరు కోచ్‌లూ జీతం లేకుండా చేస్తాం. అనుమతి కాగితం ఇవ్వండి, తేదీ చెప్పండి.

ఇట్లు,
ఒక బాక్సింగ్ కోచ్,
గాజువాక, విశాఖపట్నం